గండికోట జలాశయం చుట్టూ సైకిలు యాత్ర: ఏ దారి, ఏ దిశ, ఎక్కడ మజిలీ

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు, మీరిద్దరూ హైదరాబాదు నుంచి రైల్లో సైకిళ్ళు తెచ్చుకుని, సామాను సైకిలు మీదే కట్టుకుని, నాలుగు రోజుల్లో గండికోట జలాశయాన్ని చుట్టి రావాలనీ, దారిలో కొండల మీది పాత కోటలు చూడాలనీ అనుకుంటున్నారు. రోజుకు 60, 70 కిలోమీటర్లు తొక్కగలమన్నారు. నీటి ఒడ్డు వెంటే దారి ఉందా, ఏ వైపు నుంచి తిరగాలి, కోటకు ఎక్కుడు ఎంత కష్టం, ఎక్కడ పడుకోవాలి అన్నవి మీ ప్రశ్నలు.

మొదటిదానికి జవాబు సూటిగా చెప్పాలంటే, ఒడ్డు వెంట దారి లేదు. మ్యాపులో నీలిరంగు మచ్చ చుట్టూ వేలితో గీత గీసినంత సులువుగా నేల మీద తిరగడం కుదరదు. గండికోట జలాశయం నిండితే 26.85 టీఎంసీల నీరు నిలుస్తుంది. ఆ నీరు కొండల సందుల్లోకీ, చిత్రావతి వచ్చి పెన్నలో కలిసే పల్లపు భూముల్లోకీ వేళ్ళు చాపినట్టు పాకింది. 2020లో నీటి మట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి, వాటి మధ్య నడిచిన పాత బాటలు కూడా మునిగాయి. ఫోనులోని మ్యాపు అటువంటి బాటను ఇప్పటికీ చూపిస్తే దానిని నమ్మి దిగకండి. ఊరివాళ్ళను అడిగి, ఆ దారిన ఆటో వెళుతుందని చెప్తేనే వెళ్ళండి. ఆనకట్టల మీది దారులు కూడా అంతే. అవి నీటిపారుదల శాఖ పనుల కోసం వేసినవి, కాపలావాళ్ళు ఆ రోజు పోనిస్తే అదృష్టమనుకోవాలి తప్ప వాటిని మీ యాత్రలో దారిగా లెక్క వేయకూడదు.

అయితే, ఒడ్డును వదిలేసి కాస్త దూరం నుంచి చూస్తే ఇక్కడ చక్కటి చుట్టు ఒకటి ఉంది. పెన్న తాడిపత్రిని ఒరుసుకుని తూర్పుగా వచ్చి, ముందు గండికోట జలాశయంలో నిలిచి, అక్కడి నుంచి కోట కింది లోయలో దూరి, మైలవరం జలాశయంలో మళ్ళీ నిలిచి, జమ్మలమడుగు దగ్గర బయటపడుతుంది. కోట మీది నుంచి లోయలో మనం చూసే నీళ్ళు మైలవరం వెనుక నీళ్ళే. నదికి దక్షిణాన తాడిపత్రి నుంచి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగుకు 67వ నంబరు జాతీయ రహదారి ఉంది. ఉత్తరాన జమ్మలమడుగు నుంచి కొలిమిగుండ్ల, బెలుం మీదుగా తిరిగి తాడిపత్రికి రోడ్డు ఉంది. ఈ రెండింటినీ కలిపితే రెండు జలాశయాలూ లోపల పడతాయి. గండికోట మాత్రం ఈ చుట్టులో ఉండదు, జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు పడమరకు వెళ్ళి అదే దారిన వెనక్కి రావాలి. మొత్తం కలిపి 175 కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది. మీ నాలుగు రోజులకు ఇది హాయిగా సరిపోతుంది, కాళ్ళకే కాక కళ్ళకూ కొంత సమయం మిగులుతుంది.

నీటి చుట్టూ తిరగాలనే పట్టుదల కంటే, నీటి దగ్గరికి రెండు మూడు చోట్ల తీరిగ్గా దిగాలనే ఆలోచన ఇక్కడ పనికొస్తుంది. మొదటిది కొండాపురం ప్రాంతం, అక్కడ రహదారి మీద నుంచే జలాశయం కనిపిస్తుంది. రెండోది గండికోట లోయ అంచు. మూడోది మైలవరం ఆనకట్ట పరిసరాలు. మిగిలిన దారంతా పొలాలు, గుట్టలు, నాపరాతి గనులు.

ఇక దిశ. తాడిపత్రిలో మొదలుపెట్టి ముందు దక్షిణపు రోడ్డున జమ్మలమడుగుకు, తరువాత గండికోటకు, చివరికి ఉత్తరపు రోడ్డున బెలుం మీదుగా తిరిగి రావడం మంచిదని నా అభిప్రాయం. ఇందులో ఒక చిక్కు ఉంది, దానిని ముందే తెలుసుకుంటే చిక్కు కాదు. తాడిపత్రి నుంచి మీరు తూర్పుముఖంగా వెళతారు. తెల్లవారగానే బయలుదేరితే సూర్యుడు మీ కళ్ళలో పడటం ఒక్కటే బాధ కాదు, మీ వెనుక వచ్చే లారీ డ్రైవరు కళ్ళలో కూడా పడతాడు. ఆ వేళలో రోడ్డు అంచున పోయే సైకిలు అతనికి కనిపించదు. అందుకని ఆ రోజు మాత్రం పొద్దున్నే తొక్కాలనే నియమం పక్కన పెట్టి, ముందు గుళ్ళు చూసి, పొద్దు కాస్త పైకెక్కాక ఎనిమిదిన్నర ప్రాంతంలో బయలుదేరండి.

తాడిపత్రిలో ఆ రెండు గంటలూ వృథా కావు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం ఉంది. అక్కడి గోపురాలు పూర్తి కాలేదు. అడుగు భాగమే నిలిచి ఉన్నా, ఆ రాతి మీద చేయి మోపేంత ఖాళీ కూడా లేకుండా చెక్కారు. ఊళ్ళో చింతల వెంకటరమణస్వామి గుడిలో రాతి రథం చూడండి. ఈ గుడి కట్టించినవారు పెమ్మసాని నాయకులు, విజయనగర రాజుల కింద గండికోటను ఏలినది కూడా వారే. కాబట్టి మీరు సైకిలు మీద పోతున్నది ఒకే ఏలుబడిలోని రెండు ఊళ్ళ మధ్య దారి. ఈ సంగతి మనసులో ఉంచుకుంటే, మరునాడు గండికోటలో మాధవరాయస్వామి గుడి గోపురం ముందు నిలబడినప్పుడు ఆ పనితనం ఎక్కడో చూసినట్టే అనిపిస్తుంది.

తాడిపత్రి నుంచి జమ్మలమడుగుకు 70 కిలోమీటర్ల దాకా వస్తుంది. రోడ్డు బాగుంటుంది కాని అందమైన రోడ్డు అనలేను. సిమెంటు ఫ్యాక్టరీల లారీలు, నాపబండల లారీలు ఈ దారిలో ఎక్కువ. ఇద్దరూ పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ తొక్కే చోటు కాదిది, ఒకరి వెనుక ఒకరు వెళ్ళండి. కుడి చేతి వైపు హ్యాండిలుకు చిన్న అద్దం ఉంటే సగం భయం తీరుతుంది. పగలైనా వెనుక ఎర్ర దీపం వెలిగించి ఉంచండి. కొండాపురం దగ్గర నీళ్ళు కనిపించగానే ఆగండి, ఆ రోజు యాత్రలో చూడదగ్గది అదే. ఆ నీటి గురించి ఒక మాట చెప్పాలి. పెన్న సహజంగా ఏడాదిలో చాలా నెలలు ఇసుకగా కనిపించే నది. ఈ జలాశయంలో మీరు చూసే నీటిలో పెద్ద భాగం కృష్ణ నీరు. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర తీసుకున్న నీటిని గాలేరు–నగరి కాలువ గోరకల్లు, అవుకు జలాశయాల మీదుగా, అవుకు దగ్గర సొరంగం గుండా ఇక్కడికి చేరుస్తుంది. చివరి రోజు మీరు అవుకు వైపు తిరిగితే, ఈ నీరు వచ్చిన దారికే ఎదురు వెళుతున్నట్టు.

రాత్రికి జమ్మలమడుగులోనే ఆగండి. అక్కడి నుంచి గండికోట 15 కిలోమీటర్లే కదా, సాయంత్రానికి ఎక్కేద్దామని అనిపిస్తుంది, అలా చేయవద్దు. ఆ దారి పడమరకు వెళుతుంది కాబట్టి సాయంత్రం ఎండ సూటిగా ముఖాన కొడుతుంది. 70 కిలోమీటర్లు తొక్కిన కాళ్ళతో, సామాను బరువుతో, చీకటి పడుతుండగా ఎక్కడంలో ఏ సుఖమూ లేదు. తెల్లవారుజామున బయలుదేరితే సూర్యుడు వీపు వెనుక ఉంటాడు, గాలి చల్లగా ఉంటుంది, పర్యాటకుల కార్లు కూడా అప్పటికి మొదలు కావు. శని, ఆదివారాల్లో సూర్యోదయం చూడటానికి చీకటితోనే వచ్చే కార్లు ఉంటాయి కనుక, వీలైతే ఈ రోజు వారం మధ్యలో పడేట్టు చూసుకోండి.

ఎక్కుడు గురించి మీరు భయపడినంత లేదు. హార్స్‌లీ కొండకో, తిరుమలకో ఎక్కే ఘాటు రోడ్డు వంటిది కాదు. చాలా దూరం నెమ్మదిగా, కాళ్ళకు తెలిసీ తెలియనట్టు పెరుగుతూ పోతుంది, నడుమ కొన్ని చోట్ల మాత్రం నిటారుగా అనిపిస్తుంది. సామానుతో ఎక్కేవారికి నా సలహా, అన్నిటికంటే తేలిక గేరులో ముందు పళ్ళ చక్రానికీ వెనుక పళ్ళ చక్రానికీ పళ్ళ సంఖ్య సమానంగా ఉండాలి. అంటే ముందు 34 ఉంటే వెనుక కూడా 34 ఉండాలి. రోడ్డు రేసు సైకిళ్ళకు వచ్చే గేర్లతో సామాను మోసుకుంటూ ఎక్కితే మోకాళ్ళు మొరాయిస్తాయి. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, ఆ రోజు మళ్ళీ జమ్మలమడుగుకే దిగి వస్తారు కనుక పెద్ద సంచులు లాడ్జిలోనే ఉంచి, నీళ్ళు, పంక్చరు సామాను, తినడానికి ఏదో ఒకటి మాత్రం పట్టుకుని తేలికగా ఎక్కడం. కొండ మీదే రాత్రి గడపాలనుకుంటే పర్యాటక శాఖ వారి హరిత హోటలు ఉంది, గుడారాలు అద్దెకిచ్చే ఊరివాళ్ళు కూడా ఉన్నారు. అయితే సెలవు రోజుల్లో ముందుగా బుక్ చేసుకోకపోతే చోటు దొరకదు.

గండికోటకు ఒక పూట పూర్తిగా ఇవ్వమని అడుగుతున్నాను, ఎందుకంటే చాలామంది లోయ అంచున ఫోటో తీసుకుని గంటలో వెళ్ళిపోతారు. ఇది ఒట్టి శిథిలాల గుట్ట కాదు, గోడల లోపల ఈనాటికీ మనుషులు కాపురం ఉంటున్న ఊరు. వంకర తిరిగిన కోట ద్వారం గుండా లోపలికి వెళ్ళేటప్పుడే సైకిలు దిగి నడవండి. ఆ మలుపులు శత్రువు ఏనుగులూ గుర్రాలూ ఊపుగా దూసుకు రాకుండా పెట్టినవి, ఎదురుగా వచ్చే మోటారు సైకిలు మీకు కనిపించకపోవడానికి కూడా అవే కారణం. లోపల పావురాల గోపురం, జైలు, జుమ్మా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం, మాధవరాయస్వామి, రంగనాథస్వామి గుళ్ళు, రాయల చెరువు ఉన్నాయి. మసీదు, ధాన్యాగారం, గుడి గోపురం ఒక్క చూపులో పడే చోటు ఒకటుంది. ధాన్యాగారం అంత పెద్దదిగా ఎందుకు కట్టారో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. మూడు వైపుల లోయ ఉన్న కోటను ఎవరూ సులభంగా ఎక్కి పట్టలేరు, లోపలివాళ్ళ ఆకలి కోసం బయట కాచుకుని కూర్చోవడమే ముట్టడి. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650 ప్రాంతంలో దీనిని పెమ్మసాని వారి చేతి నుంచి తీసుకున్నాడు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో మీర్ జుమ్లాను ఇక్కడే కలుసుకున్నాడు. పరదేశి వర్తకుడు ఈ కొండ దాకా పనిగట్టుకుని వచ్చాడంటే అప్పట్లో ఇది ఎంత ముఖ్యమైన పట్టణమో ఊహించవచ్చు.

లోయ అంచున రెయిలింగు లేదు. ఎర్రని చతురస్రపు బండలు పేర్చినట్టు ఉండే ఆ రాళ్ళ మీద సైకిలు బూట్లతో, ముఖ్యంగా అడుగున పెడలుకు బిగిసే ఇనుప క్లీటు ఉన్న బూట్లతో నడవకండి. అంచు దగ్గర జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఒక జత మామూలు చెప్పులు సంచిలో పెట్టుకోండి. నీటిలో దిగాలని కూడా ఆలోచించకండి, లోయ నీరు లోతైనది, ఒడ్డు మెట్లలా ఉండదు.

దిగి వచ్చేటప్పుడు బ్రేకు పట్టి ఉంచకుండా, పట్టి వదులుతూ రండి. మధ్యాహ్నం తరువాత జమ్మలమడుగు చేరి, కాసేపు పడుకుని, సాయంత్రం మైలవరం వైపు వెళ్ళి రండి. దగ్గరే. మైలవరం జలాశయం గండికోట కంటే చిన్నది, సుమారు 10 టీఎంసీలు. పర్యాటకులు తక్కువ, నీటి పక్కన నిశ్శబ్దంగా కూర్చోవాలంటే నా ఓటు దీనికే.

మూడో మజిలీ బెలుం. జమ్మలమడుగు నుంచి ఉత్తరపు రోడ్డున 45 కిలోమీటర్లు ఉంటుంది. ఇక్కడ నేల స్వభావం మారడం గమనించండి, ఎందుకంటే మీ టైర్లకూ బ్రేకులకూ దానితోనే పని. గండికోట కొండ ఎర్రని గట్టి క్వార్ట్‌జైటు రాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ రాతి పొరకు గండికోట క్వార్ట్‌జైటు అనే పేరే పెట్టారు. ఆ రాయి ఉన్నచోట గనులు లేవు, లారీలు లేవు, గుట్టలు, తుప్పలు తప్ప ఏమీ ఉండవు. ఉత్తరానికి వెళ్ళేకొద్దీ సున్నపురాయి వస్తుంది, దానితోపాటే నాపరాతి గనులు, పాలిష్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి లారీలు. కడప బండలని మనం ఇళ్ళలో వంటగట్టుకు వేసుకునేవి ఈ చుట్టుపక్కల నుంచి వచ్చేవే. పాలిష్ యూనిట్ల దగ్గర తెల్లని రాతి బురద రోడ్డు అంచుకు కారి ఆరిపోయి ఉంటుంది. ఎండినప్పుడు అది దుమ్ము, గాలికి కళ్ళలో పడుతుంది. ఒక్క జల్లు పడిందంటే సబ్బు నీళ్ళంత జారుడు అవుతుంది. అటువంటి తెల్లని చార కనిపించిన చోట ముందు బ్రేకు ముట్టుకోకుండా, హ్యాండిలు తిప్పకుండా, తిన్నగా దాటండి. మామూలు కళ్ళజోడైనా సరే, కళ్ళకు ఏదో ఒకటి పెట్టుకుని తొక్కాలి.

ఇంకా కింద, పల్లంలో ఉన్నది నల్లరేగడి. పొడిగా ఉన్నప్పుడు మట్టి బాట మీద కూడా సైకిలు హాయిగా పోతుంది. తడిసిందా, పది గజాల్లో మడ్‌గార్డు నిండిపోయి చక్రం తిరగదు. వాన పడిన మరునాడు ఏ అడ్డదారీ పట్టవద్దు, తారు రోడ్డు వదలవద్దు.

బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. 1884లో బ్రిటిషు భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, 1982–83లో జర్మన్ గుహాన్వేషకులు లోపలంతా కొలిచారు, 2002లో సందర్శకులకు తెరిచారు. మనం చూడగలిగేది అందులో సగానికి తక్కువే. సైకిలు మీద వచ్చేవారికి ఒక హెచ్చరిక చెప్పాలి. బయట ఎండలో తొక్కి వచ్చి, లోపల చల్లగా ఉంటుందనే ఆశతో దిగుతారు. లోపల చల్లగా ఉండదు, ఉక్కగా, తేమగా ఉంటుంది. గాలి పంపే గొట్టాలు అమర్చారు, అయినా అన్నిటికంటే లోతున ఉన్న పాతాళగంగ దాకా దిగి ఎక్కేసరికి చెమట ధారలు కడుతుంది. వచ్చిన వెంటనే దిగకుండా, అరగంట నీడన కూర్చుని, నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ తాగి, అప్పుడు వెళ్ళండి. సైకిళ్ళు టికెట్టు కౌంటరు దగ్గరున్న సిబ్బందికి చెప్పి వారి కళ్ళ ముందు తాళం వేయండి. అడిగితే కాదనరు.

బెలుం నుంచి తాడిపత్రి 30 కిలోమీటర్లు. చుట్టు అక్కడ పూర్తవుతుంది. మీ నాలుగు రోజులు ఇలా పంచుకోవచ్చు: మొదటి రోజు తాడిపత్రి గుళ్ళు, జమ్మలమడుగు, రెండో రోజు గండికోట, మైలవరం, మూడో రోజు బెలుం, నాలుగో రోజు తాడిపత్రి, రైలు. మూడో రోజు రాత్రికి బెలుం దగ్గర పర్యాటక శాఖ వారి చిన్న వసతి ఉంది, ముందే ఫోను చేసి కనుక్కోండి. చోటు లేదంటే అదే సాయంత్రం తాడిపత్రికి వెళ్ళిపోవచ్చు. ఆ రోజు 75 కిలోమీటర్లవుతుంది, పైగా అది సాయంత్రం పడమటి ఎండలో పోవలసిన దారి, అందుచేత మూడున్నరకే బయలుదేరి చీకటి పడకముందే చేరండి.

మరో రోజు దొరికితే రెండు దారులున్నాయి, వాటిలో ఒకటే ఎంచుకోండి. మొదటిది యాత్రకు ముందు గుత్తిని చేర్చడం. హైదరాబాదు నుంచి కర్నూలు, డోన్ మీదుగా కడప వైపు వెళ్ళే రైళ్ళు గుత్తిలో ఆగుతాయి, అక్కడి నుంచి తాడిపత్రి 50 కిలోమీటర్లు. మీరడిగిన కొండ మీది కోట అంటే అసలైన అర్థంలో గుత్తే. గండికోటకు రక్షణ లోయ, గుత్తికి రక్షణ నిటారైన కొండ. మైదానంలోంచి ఒక్కసారిగా లేచిన ఆ కొండ పైకి సైకిలు పోదు, కాలినడకన గోడ వెనుక గోడ దాటుతూ ఎక్కాలి. మరాఠా సర్దారు మురారిరావు ఇక్కడి నుంచే ఏలాడు, 1776లో హైదర్ అలీ దీనిని పట్టుకున్నాడు. దత్త మండలాల కలెక్టరుగా పేరు తెచ్చుకున్న థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే ముందు పాతిపెట్టింది గుత్తిలోనే, తరువాత 1831లో మద్రాసుకు తరలించారు. ఎండకు నీడ లేని కొండ కనుక తెల్లవారి రైలు దిగి, సామాను ఎక్కడైనా ఉంచి, తొమ్మిదిలోపు ఎక్కి దిగాలి.

రెండోది బెలుం నుంచి తాడిపత్రికి తిరగకుండా ఉత్తరంగా అవుకు, బనగానపల్లె, యాగంటి వైపు పోవడం. అవుకు జలాశయం ఊరికి ఆనుకునే ఉంటుంది. నీటి పక్కకు కష్టపడకుండా చేరగల చోటు ఈ మొత్తం ప్రాంతంలో ఇదే. బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం, ఊరి పక్క గుట్ట మీద వారి బంగళా ఉంది. బంగినపల్లి మామిడి పేరు ఈ ఊరిదే, కాని సైకిలు తొక్కదగ్గ కాలంలో చెట్టు మీద కాయ ఉండదు, కాయ ఉన్న కాలంలో సైకిలు తొక్కలేరు. అక్కడి నుంచి 12, 14 కిలోమీటర్ల దూరంలో యాగంటి ఉమామహేశ్వర క్షేత్రం, కొండ చరియల కింద ఏడాదంతా నీరుండే కోనేరు. నన్నడిగితే కోటల కోసం వచ్చేవారు గుత్తిని, నీటి కోసం వచ్చేవారు అవుకును ఎంచుకోవాలి. మీ ప్రశ్నలో రెండూ ఉన్నాయి గాని, కోటల గురించే ఎక్కువ అడిగారు.

కాలం విషయంలో రాజీ వద్దు. నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకానే రండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో జలాశయాలు నిండుగా ఉంటాయి, కొండలు పచ్చగా ఉంటాయి, కాని ఆ నెలల్లోనే ఈ సీమకు వానలు ఎక్కువ, పైన చెప్పిన రేగడి, రాతి బురద రెండూ అప్పుడు తోడవుతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఎంత బలంగా వీస్తుందంటే బెలుం నుంచి తాడిపత్రికి దిగుడులో కూడా పెడలు తొక్కుతూ ఉండాలి. మార్చి మధ్య నుంచి ఎండ గురించి చెప్పనక్కరలేదు. చలికాలంలో అయినా ఒక్కొక్కరు మూడు లీటర్ల నీళ్ళు మోయండి, ఉత్తరపు రోడ్డులో ఊరికీ ఊరికీ మధ్య నీడా, దుకాణమూ లేని దూరాలు ఉన్నాయి. తిండికి లోటు లేదు. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జి దొరకని ఊరు ఉండదు, అయితే ఆ బజ్జీలు తిన్న గంటలో ఎక్కుడు ఎక్కాలంటే కష్టం, గండికోట రోజున ఇడ్లీతో సరిపెట్టుకోండి. మధ్యాహ్నం సంగటి గాని జొన్నరొట్టె గాని తినండి, సాయంత్రం దాకా ఆకలి వేయదు.

పంక్చర్ల గురించి కాస్త వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే ఇక్కడ యాత్రలు ఆగేది ఎక్కువగా వాటి వల్లనే. రోడ్డు పక్కలంతా సర్కారు తుమ్మ, నేల మీద పల్లేరు. రోడ్డు పక్క తుమ్మ కొట్టేసిన చోట ముళ్ళు తారు మీదికి కూడా వస్తాయి. ఫోటో కోసం సైకిలును గడ్డిలోకి దించి నిలబెట్టడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. తారు మీదే ఆపండి, లేదా ఎత్తి పట్టుకుని దించండి. తుమ్మ ముల్లు టైరులో దిగాక బయటి వైపు విరిగిపోతుంది, మొన మాత్రం రబ్బరు లోపల నిలిచి, ఒత్తిడి పడినప్పుడే బయటికి వస్తుంది. అందువల్ల ట్యూబు మార్చి, టైరు లోపల వేలితో తడిమి ఏమీ లేదనుకుని ఎక్కించిన రెండు కిలోమీటర్లకే మళ్ళీ గాలి పోతుంది. వేలికి బదులు చిన్న దూది ఉండ తీసుకుని టైరు లోపలి అంచంతా మెల్లగా లాగండి, ముల్లు ఉన్నచోట దూది పోగు చిక్కుకుంటుంది. అక్కడ టైరును వెనక్కి మడిచి, చిన్న పటకారుతో మొనను లాగేయండి. మనిషికి రెండు కొత్త ట్యూబులు, ప్యాచీలు, పటకారు, చిటికెడు దూది తప్పనిసరి. టైర్లు 35 మిల్లీమీటర్లకు తక్కువ వద్దు, 40 అయితే ఇంకా మంచిది. ఊళ్ళలో పంక్చరు షాపులు ఉన్నాయి, కాని వారి దగ్గర ఉండే గాలి పంపు మోటారు సైకిళ్ళ వాల్వుకు సరిపోయేది, మీ సైకిలుకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి వాల్వు మూత పక్కనే బిగించి ఉంచుకోండి.

చివరిగా రైలు. సైకిలును విడదీయకుండా పంపాలంటే పార్సిలు ఆఫీసులో బుక్ చేసి బ్రేకు వ్యానులో, అంటే రైలు సామాను పెట్టెలో వేయించాలి. చిన్న స్టేషన్లలో రైలు ఒకటి రెండు నిమిషాలే ఆగుతుంది, దించేలోపే కదిలిపోతే మీ సైకిలు కడప దాకా పోతుంది. దానికి బదులు రెండు చక్రాలూ పెడళ్ళూ విప్పి, హ్యాండిలు పక్కకు తిప్పి, మందపాటి సంచిలో కట్టి, మీతోపాటే పెట్టెలోకి తీసుకోండి. సంచి బయట పేరు, ఫోను నంబరు రాసి పెట్టండి, టీటీఈ అడిగితే సంచి విప్పి చూపించండి. వెనుక గేరు తగిలించే హ్యాంగరు సైకిలు మొత్తంలో అతి బలహీనమైన ముక్క, సంచిలో వంగేది కూడా అదే. డిరైలరును, అంటే గొలుసును గేరు నుంచి గేరుకు మార్చే భాగాన్ని, విప్పి లోపలికి మడిచి కట్టండి, మీ సైకిలు మోడలుకు సరిపోయే హ్యాంగరు ఒకటి అదనంగా హైదరాబాదులోనే కొని పెట్టుకోండి. తాడిపత్రిలో గాని జమ్మలమడుగులో గాని అది దొరకదు.